నలుగురు శ్రీనివాస్‌లు... ఒక ఎక్సెల్ షీటు!

మెయిల్‌లో ‘టు’ దగ్గర ‘శ్రీ’ అని కొట్టగానే నాకు నాలుగు పేర్లు వరుసగా వస్తాయి. నలుగురూ శ్రీనివాస్‌లే. ఒకాయన బట్టల షాపు మేనేజరు. ఒకాయన బ్యాంకులో పనిచేస్తారు. ఇంకొకాయన మా పాత క్లయింటు. నాలుగో ఆయన మా ఆఫీసుకి పెన్నులూ, ఫైళ్లూ, ప్రింటరు కాగితాలూ సరఫరా చేసే స్టేషనరీ షాపాయన.

నేను విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. ముప్ఫై మందిమి ఉంటాం. ఆ రోజు నెలాఖరు. రాత్రి ఎనిమిదయింది. బట్టల షాపులో పనిచేసే 212 మంది జీతాల షీటు మేనేజరు శ్రీనివాస్ గారికి పంపాలి. పంపేశాను. బ్యాగు సర్దుకుని బందరు రోడ్డు మీదకొచ్చి ఆటో ఎక్కాను.

బెంజి సర్కిల్ దాటకముందే ఫోను మోగింది.

‘‘అమ్మా, నాకేదో జీతాల లిస్టు వచ్చింది మీ దగ్గర్నుంచి. కాగితాల ఆర్డరేమో అని తెరిచాను.’’

నాకు చెమటలు పట్టాయి. ఆయన అక్కడితో ఆపలేదు.

‘‘మా చెల్లెలి మొగుడి పేరు కూడా ఉందమ్మా ఇందులో. పెళ్లప్పుడు జీతం ముప్ఫై వేలని చెప్పారు. ఇక్కడ పంతొమ్మిదే ఉందేంటి?’’

ఏం చెప్పను? ‘‘సార్, దయచేసి అది డిలీట్ చేసేయండి’’ అన్నాను. పాపం మంచాయన. వెంటనే చేసేశానని చెప్పారు. మెయిల్ డిలీట్ అవుతుంది. చూసింది డిలీట్ అవదు కదా!

ఆటోలోనే ఫోను తీసి, పంపిన మెయిల్‌ని వెనక్కి లాక్కునే దారి ఉందేమో వెతికాను. అవుట్‌లుక్‌లో ‘రీకాల్’ అనే సౌకర్యం ఉంది. కానీ అది ఒకే సంస్థలోని మెయిల్ పెట్టెల మధ్యే పనిచేస్తుంది. బయటివాళ్లకు వెళ్లిన మెయిల్ వెళ్లినట్టే.

ఆ షీటులో పేరు, జీతం మాత్రమే ఉంటే కొంత నయం. పాన్ ఉంది, ఆధార్ ఉంది, బ్యాంకు ఖాతా నంబరు ఉంది. 212 మందివీ!

‘మనది ప్రీమియమే కదమ్మా!’

మర్నాడు పొద్దున్నే ఆడిటర్ గారి గదిలోకి వెళ్లి జరిగింది చెప్పేశాను. దాచి పెట్టి ఉంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు, ఉద్యోగంలోనూ ఉండేదాన్ని కాదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే ప్రశ్న వేశారు.

‘‘తలకింత అని ఏటా సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కడుతున్నాం కదా. రెండొందల ఆధార్ నంబర్లు బయటికి పోతుంటే అది ఆపదా?’’

ఆపే సౌకర్యం ఉందని నాకు తెలుసు. బెంగళూరులో పెద్ద కంపెనీలో చేసే నా స్నేహితురాలు చెప్పింది. అక్కడ ఆధార్ నంబరున్న ఫైలు జత చేయగానే పసుపు రంగు హెచ్చరిక వస్తుందట. మరి మాకెందుకు రాలేదు? మేం వాడేదీ అదే మైక్రోసాఫ్ట్, అదే అవుట్‌లుక్.

మాకు లైసెన్సులు అమ్మినతనికి ఫోన్ చేశాం. ‘‘సార్, మీది బిజినెస్ స్టాండర్డ్. అందులో ఆ ఫీచర్ రాదు’’ అన్నాడు.

ఆడిటర్ గారు ఒప్పుకోలేదు. బీరువా తెరిచి పాత బిల్లు తీశారు. ‘‘ఇదిగో చూడమ్మా, ప్రీమియం అని రాసుంది. మనది ప్రీమియమే కదా!’’

ఇద్దరి మాటా నిజమే. అసలు కథ అక్కడే ఉంది. 2020 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ తన ప్లాన్ల పేర్లు మార్చింది. అప్పటిదాకా ‘ఆఫీస్ 365 బిజినెస్ ప్రీమియం’గా ఉన్నది ‘మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ స్టాండర్డ్’ అయింది. అంతకుముందు ఉత్త ‘మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్’ అనే వేరే ప్లాన్ ఉండేది. దానికి ‘బిజినెస్ ప్రీమియం’ అనే పేరు పెట్టారు. అంటే నిన్నటి ప్రీమియం ఇవాళ్టి స్టాండర్డ్. పాత బిల్లు చూసుకుని ‘మాకన్నీ ఉన్నాయి’ అనుకుంటున్నవాళ్లు మాలాగా ఇంకెంతమందో!

‘‘మన దగ్గర ఏముంది, ఏం లేదు... ఒక కాగితం మీద రాసి పట్రా’’ అన్నారు సర్. తప్పు చేసింది నేనే కాబట్టి ఆ శిక్ష కూడా నాకే. వారం రోజులు కూర్చుని రాశాను. ఆ కాగితమే ఇది. మీరు పనిచేసే చోటో, మీరు పెట్టబోయే చిన్న కంపెనీకో పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

పేరొకటే... లోపల సరుకు వేరు

చిన్న సంస్థల కోసం మైక్రోసాఫ్ట్ అమ్మే బిజినెస్ ప్లాన్లలో ముఖ్యమైనవి మూడు: బేసిక్, స్టాండర్డ్, ప్రీమియం. ఒక్కో ప్లాన్‌ని 300 మంది దాకా తీసుకోవచ్చు. అంతకు మించిన సంస్థలకు ‘ఇ3’, ‘ఇ5’ లాంటి ఎంటర్‌ప్రైజ్ ప్లాన్లు.

బేసిక్ నుంచి స్టాండర్డ్‌కి మారితే ప్రధానంగా వచ్చేది కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే వర్డ్, ఎక్సెల్, అవుట్‌లుక్. అంతే. డబ్బు పెరిగింది కాబట్టి భద్రత కూడా పెరిగుంటుందని మేం అనుకున్నాం. సమాచార రక్షణ విషయంలో ఆ రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

అలాగని వాటిలో ఏమీ లేదనీ కాదు. మెయిల్ ప్రయాణంలో ఉన్నప్పుడూ, సర్వర్లో దాచినప్పుడూ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. స్పామ్, వైరస్ జల్లెడ ఉంటుంది. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో రెండో ధ్రువీకరణ అడిగేలా పెట్టుకోవచ్చు. దానికి అదనంగా పైసా కట్టక్కర్లేదు. వన్‌డ్రైవ్‌లో పొరపాటున తీసేసిన ఫైలు 93 రోజులపాటు రీసైకిల్ బిన్‌లో దొరుకుతుంది.

ఇవన్నీ దేన్నుంచి కాపాడతాయి? బయటి దొంగ నుంచి. నేను దొంగని కాదు. లోపలి మనిషిని. నా పాస్‌వర్డ్‌తో, నా కుర్చీలో కూర్చుని, నా చేత్తో ‘సెండ్’ నొక్కాను. తాళం ఎంత గట్టిదైనా, ఇంట్లోవాళ్లే తలుపు తీసి సామాను వీధిలో పెడితే అదేం చేస్తుంది?

ఆ రెండో రకం రక్షణ మొదలయ్యేది ప్రీమియం దగ్గర. అందులో నాకు ముఖ్యం అనిపించినవి ఇవి.

డీఎల్‌పీ: డేటా లాస్ ప్రివెన్షన్. మెయిల్‌లో, వన్‌డ్రైవ్‌లో, షేర్‌పాయింట్‌లో ఉన్న ఫైళ్లలో ఆధార్, పాన్, కార్డు నంబర్ల లాంటివి ఉన్నాయేమో చూస్తుంది. బయటికి పంపబోతే హెచ్చరిస్తుంది, లేదా ఆపేస్తుంది.

సెన్సిటివిటీ లేబుల్: ఫైలు మీద ‘రహస్యం’ అని ముద్ర వేయడం లాంటిది. మామూలు ముద్ర కాదు. ఆ ఫైలు ఎక్కడికెళ్లినా, ఎవరు తెరవొచ్చో ఆ ముద్రే చెబుతుంది. ప్రీమియంలో ఈ ముద్ర మనమే వేసుకోవాలి.

మెయిల్ ఎన్‌క్రిప్షన్: బయటివాళ్లకు పంపే మెయిల్‌ని ఫార్వర్డ్ చేయకుండా, ప్రింట్ తీయకుండా కట్టడి చేయొచ్చు.

ఇన్‌ట్యూన్: ఉద్యోగుల ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఉన్న ఆఫీసు సమాచారాన్ని అదుపులో పెట్టే ఏర్పాటు. దీని గురించి కింద విడిగా చెబుతాను. మన ఫోన్ల సంగతి కదా!

ఇ3 అంటే పెద్దదా?

అమ్మేవాళ్లు సాధారణంగా ‘ఇ3కి వెళ్లిపోండి సార్, పెద్ద ప్లాన్’ అంటారు. పేరు పెద్దదే. కానీ డీఎల్‌పీ, లేబుళ్ల వరకు చూస్తే ఇ3లో వచ్చేదీ, ప్రీమియంలో వచ్చేదీ దాదాపు ఒకటే. 300 మంది దాటని ఆఫీసు కేవలం వాటికోసం ఇ3కి వెళ్లక్కర్లేదు.

ఇందులోనూ మళ్లీ పేర్ల తిరకాసు. ‘ఆఫీస్ 365 ఇ3’ వేరు, ‘మైక్రోసాఫ్ట్ 365 ఇ3’ వేరు. మొదటిదాంట్లో ఇన్‌ట్యూన్ లేదు, రెండోదాంట్లో ఉంది. బిల్లు మీద మొదటి మాట చూడకుండా ‘ఇ3’ ఒక్కటే చూస్తే బోల్తా పడతాం.

ఇక ఇ5 అసలు పెద్దన్న. టీమ్స్ చాట్‌లో ఎవరైనా ఆధార్ నంబరు టైప్ చేసినా పట్టుకుంటుంది. ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తున్నా, ప్రింట్ ఇస్తున్నా కంప్యూటర్ దగ్గరే ఆపగలదు. ముద్రలు తనంతట తనే వేస్తుంది. మామూలుగా ప్రీమియంలో ఇవి రావు. కావాలంటే ప్రీమియం మీద అదనంగా కొనుక్కునే ప్యాకేజీలున్నాయి.

మా ఆఫీసులో చాలామంది క్లయింట్ల వివరాలు మెయిల్‌లో కాకుండా టీమ్స్ చాట్‌లోనే అడుక్కుంటారు. ‘ఒరేయ్, ఆయన పాన్ పెట్టరా’ అని. ప్రీమియం తీసుకున్నా ఆ చాట్‌కి కాపలా ఉండదని తెలిశాక, పెద్ద ప్లాన్ కొనే స్తోమత లేని మేం చాట్‌లో నంబర్లు పెట్టకూడదని మాకు మేమే నియమం పెట్టుకున్నాం.

గూగుల్ వాడేవాళ్ల సంగతి?

మా పక్క బిల్డింగ్‌లో ఒక డిజైన్ స్టూడియో ఉంది. వాళ్లది గూగుల్ వర్క్‌స్పేస్. ‘మాకీ గొడవ లేదు’ అన్నారు. నేను ఆ ప్లాన్లు కూడా చూశాను. అక్కడా ఇదే కథ. బిజినెస్ స్టార్టర్, బిజినెస్ స్టాండర్డ్, బిజినెస్ ప్లస్... ఇవీ 300 మంది వరకే. మెయిళ్లనూ ఫైళ్లనూ ఏళ్ల తరబడి భద్రపరచి, అవసరమైనప్పుడు వెతికిచ్చే ‘వాల్ట్’ కావాలంటే ప్లస్ దాకా రావాలి. డ్రైవ్‌లో డీఎల్‌పీ బిజినెస్ ప్లాన్లలో లేదు. ఎంటర్‌ప్రైజ్ స్టాండర్డ్ నుంచి మొదలవుతుంది. అంటే మైక్రోసాఫ్ట్‌లో మూడో మెట్టు మీద దొరికేది గూగుల్‌లో ఇంకా పైన ఉంది.

ఇక మామూలు ఉచిత జీమెయిల్‌తో ఆఫీసు నడిపేవాళ్లకు ఈ చర్చే లేదు. అక్కడ ఖాతా మనిషిది, ఆఫీసుది కాదు. మనిషి మానేస్తే ఖాతాతో పాటు ఫైళ్లూ వెళ్లిపోతాయి.

ఆధార్ అని దానికెలా తెలుసు?

ఇది నాకు భలే నచ్చిన విషయం. ఆధార్ 12 అంకెలు. మొదటి అంకె సున్నా, ఒకటి ఉండదు. చివరి అంకె ఊరికే వచ్చింది కాదు. ముందున్న 11 అంకెల నుంచి ఒక లెక్క ప్రకారం పుడుతుంది. డీఎల్‌పీ ఆ లెక్క వేసి చూస్తుంది. సరిపోతే ఆధార్ కావచ్చని అనుమానిస్తుంది. దగ్గర్లో ‘ఆధార్’ అనే మాట కూడా ఉంటే అనుమానం బలపడుతుంది. పాన్ అయితే అయిదక్షరాలు, నాలుగంకెలు, మళ్లీ ఒక అక్షరం. నాలుగో అక్షరం ‘పి’ అయితే వ్యక్తిది.

మరి పొరపాట్లు రావా? వస్తాయి. యూపీఐ లావాదేవీ రిఫరెన్స్ నంబరు కూడా 12 అంకెలే. అలాంటి నంబర్లలో పదింటికొకటి యాదృచ్ఛికంగా ఆ లెక్కకి సరిపోతుంది. అందుకే మొదట కొన్నాళ్లు ఆపకుండా, ఉత్తినే లెక్కపెట్టే పద్ధతిలో నడిపించుకోవాలి. ఏవి నిజం, ఏవి కావు అని చూసుకుని, ‘ఒక్క నంబరుంటే హెచ్చరించు, పది దాటితే ఆపు’ లాంటి హద్దులు పెట్టుకోవాలి. మేం మూడు వారాలు అలాగే నడిపాం.

ఇంకో విషయం. ప్లాన్ కొన్నంత మాత్రాన ఇవి వాటంతట అవి మన అవసరానికి తగ్గట్టు పనిచేయవు. నియమాలు మనం రాసుకోవాలి. ప్రీమియం కొని, ఒక్క నియమమూ రాయకుండా కూర్చోవడం అంటే సీసీ కెమెరా కొని అట్టపెట్టెలోనే ఉంచడం.

ఒక్క లైసెన్స్‌తో అందరికీనా?

ఇది మా లైసెన్సుల అతను చెవిలో చెప్పిన ‘చిట్కా’. ‘‘సార్, ఒక్క పెద్ద లైసెన్స్ తీసుకోండి. ఫీచర్ మొత్తం ఆఫీసుకి ఆన్ అయిపోతుంది.’’

కొన్ని ఫీచర్ల విషయంలో సాంకేతికంగా అది జరుగుతుంది. సంస్థ మొత్తానికి ఒకే స్విచ్ ఉంటుంది కాబట్టి. కానీ మైక్రోసాఫ్ట్ నిబంధన స్పష్టంగా ఉంది: ఆ ఫీచర్ వల్ల ఎవరెవరు ప్రయోజనం పొందుతారో వాళ్లందరికీ లైసెన్స్ ఉండాలి. ఆన్ అయింది కాబట్టి హక్కు వచ్చినట్టు కాదు. రేపు తనిఖీ వస్తే సంతకం పెట్టిన యజమానే జవాబు చెప్పుకోవాలి. ఊళ్లో అందరి లెక్కలూ తనిఖీ చేసే ఆడిటర్ ఆఫీసు ఆ పని చేస్తే ఏం బాగుంటుంది!

సక్రమమైన దారి వేరే ఉంది. ప్లాన్లను కలిపి వాడుకోవచ్చు. మా ముప్ఫై మందిలో జీతాలు, పన్నుల ఫైళ్లు ముట్టుకునేది తొమ్మిది మందే. ఆ తొమ్మిది మందికీ ప్రీమియం తీసుకుని, నియమాలు వాళ్లకే వర్తించేలా పెట్టాం. మిగతావాళ్లు పాత ప్లాన్‌లోనే ఉన్నారు.

మీ ఫోన్‌లో మీ ఫొటోలు చూస్తారా?

ఇన్‌ట్యూన్ అనగానే మా వాళ్లందరూ గోల పెట్టారు. ‘‘మా ఫోన్‌లో ఆఫీసువాళ్లు దూరతారా?’’ అని. నాకూ అదే భయం. నా ఫోన్‌లో నా సెల్ఫీలు, నా వాట్సాప్, నా గొడవలు!

తెలుసుకున్నదేంటంటే, రెండు పద్ధతులున్నాయి. మొదటిది ఫోన్ మొత్తాన్ని ఆఫీసు కింద నమోదు చేయడం. రెండోది ఫోన్‌ని వదిలేసి, అవుట్‌లుక్, టీమ్స్ లాంటి ఆఫీసు యాప్‌లకు మాత్రమే కంచె వేయడం. రెండో పద్ధతిలో ఆఫీసు మెయిల్ నుంచి కాపీ చేసింది తీసుకెళ్లి వాట్సాప్‌లో పేస్ట్ చేయకుండా ఆపొచ్చు. ఉద్యోగం మానేసినప్పుడు ఆ యాప్‌లలోని ఆఫీసు సమాచారం మాత్రమే తుడిచేయొచ్చు. మన ఫొటోల జోలికి రాదు.

మొదటి పద్ధతిలో కూడా మన ఫొటోలు, మెసేజ్‌లు, కాల్ హిస్టరీ, బ్రౌజింగ్ హిస్టరీ ఆఫీసుకి కనిపించవు. ఫోన్ మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ లాంటివి కనిపిస్తాయి. కానీ ఫోన్ పోయిందనో, మరెందుకో మొత్తం తుడిచేసే అధికారం వాళ్ల చేతికి వెళ్తుంది. కాబట్టి మీ సొంత ఫోన్‌లో ఆఫీసు యాప్ పెట్టమన్నప్పుడు, ‘ఫోన్ నమోదు చేయాలా, యాప్‌లకే పరిమితమా?’ అని అడగండి. అడగడం తప్పేం కాదు. మా ఆఫీసులో యాప్‌ల పద్ధతే పెట్టుకున్నాం.

చట్టం ఏమంటోంది?

సర్ లెక్కల మనిషి. చట్టం దగ్గరికొచ్చేసరికి కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో నోటిఫై చేశారు. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే.

ఈ చట్టం దృష్టిలో సమాచారం దొంగిలిస్తేనే ఉల్లంఘన కాదు. పొరపాటున బయటపెట్టినా ఉల్లంఘనే. నేను చేసింది అచ్చంగా అదే. అది అమల్లోకి వచ్చాక ఇలాంటిది జరిగితే ఆ 212 మందికీ తెలియజేయాలి. డేటా ప్రొటెక్షన్ బోర్డుకీ చెప్పాలి, పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి. తగిన భద్రతా ఏర్పాట్లు చేయకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. పైగా, షీటు పంపింది మేమే అయినా చట్టం ముందు నిలబడాల్సింది మాకు ఆ పని అప్పగించిన బట్టల షాపు యజమాని. ‘ఆడిటర్ ఆఫీసువాళ్లు చేశారు, సాఫ్ట్‌వేర్ కంపెనీ చూసుకుంటుంది’ అంటే కుదరదు.

లైసెన్స్‌కీ చట్టానికీ నేరుగా ముడిపడే చోటు ఒకటుంది. ఎవరు ఏ ఫైలు తెరిచారు, ఎప్పుడు పంపారు అనే చిట్టా. దాన్నే లాగ్ అంటారు. కొత్త నియమాల ప్రకారం ఈ లాగ్‌లు ఏడాది పాటు ఉంచాలి. మైక్రోసాఫ్ట్ మామూలు ప్లాన్లలో ఆ చిట్టా నిలిచేది 180 రోజులు. ఏడాది కావాలంటే ఇ5 స్థాయి ప్లాన్, లేదా అప్పుడప్పుడూ చిట్టాని దించుకుని మనమే భద్రపరచుకోవడం. మేం రెండోది ఎంచుకున్నాం. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ పని నాదే. శిక్ష ఇంకా పూర్తవలేదన్నమాట!

మానేసినవాళ్ల ఖాతా... 30 రోజులు

కాగితం రాస్తుంటే ఇంకో గుంట కనిపించింది. అంతకు నెల ముందు మా సీనియర్ ఒకాయన మానేశారు. లైసెన్స్ ఖర్చు మిగులుతుందని ఆయన ఖాతా తీసేశాం. తీసేసిన ఖాతాని వెనక్కి తెచ్చుకునే గడువు 30 రోజులే. ఆయన వన్‌డ్రైవ్ ఫైళ్లు కూడా, మనం సెట్టింగ్ మార్చకపోతే, 30 రోజులే ఉంటాయి. నేను చూసేసరికి 26వ రోజు. పరుగులు పెట్టి ఆరేళ్ల క్లయింట్ల ఫైళ్లు కాపీ చేసుకున్నాం. గూగుల్‌లో అయితే ఖాతా వెనక్కి తెచ్చుకునే గడువు 20 రోజులే. మేం గూగుల్ వాడుతుంటే అప్పటికే చేజారిపోయి ఉండేవి.

ఇప్పుడు ఎవరైనా మానేస్తే ఖాతా తీసేయం. ముందు లాగిన్ ఆపేస్తాం. మెయిల్ పెట్టెని షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా మారుస్తాం. 50 జీబీ దాకా దానికి లైసెన్స్ అక్కర్లేదు. ఫైళ్లు సర్దుకున్నాకే మిగతా పని.

పైసా ఖర్చులేని సంగతులు

నా కాగితం నాలుగు పేజీలయింది. సర్ మొత్తం చదివి, చివర్లో ఒక మాటడిగారు.

‘‘జీతాలు సరిచూసుకోవడానికి ఆ మేనేజరుకి ఆధార్ నంబర్లు ఎందుకమ్మా?’’

నా దగ్గర జవాబు లేదు. ఎప్పుడో ఎవరో తయారుచేసిన షీటు. అందులో ఆ కాలమ్ ఉంది కాబట్టి నెలనెలా అలాగే వెళ్తోంది. ఆ కాలమ్ లేకపోతే, నేను తప్పు శ్రీనివాస్‌కి పంపినా నష్టం సగమయ్యేది. దీనికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఒక్క డిలీట్ మీట చాలు.

అప్పుడు మిగతావీ కనిపించాయి. ఫైలు జత చేసే బదులు, ‘ఫలానా వ్యక్తులకు మాత్రమే’ అని లింకు పంపే సౌకర్యం మా పాత స్టాండర్డ్ ప్లాన్‌లోనూ ఉంది. తప్పు మనిషికి వెళ్లిందని తెలిసిన క్షణంలో ఆ లింకు ఆపేయొచ్చు. జత చేసిన ఫైలుని ఆపలేం. సెండ్ నొక్కాక కొన్ని సెకన్లు ఆగి వెళ్లేలా పెట్టుకునే ‘అన్‌డూ’ ఉంది. జీమెయిల్‌లో అది 30 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. ఇవేవీ మేం వాడలేదు. లేనివాటి కోసం వారం రోజులు వెతికి, చేతిలో ఉన్నవి చివర్న చూశాను.

మీ ఆఫీసులో ఏ లైసెన్స్ ఉందో మీరూ చూసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అయితే మీ ఖాతా పేజీలో ‘సబ్‌స్క్రిప్షన్స్’ నొక్కితే మీకు కేటాయించినవి కనిపిస్తాయి. అక్కడున్న పేరు మొత్తం చదవండి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా. తర్వాత నాలుగు ప్రశ్నలు వేసుకోండి. బయటికి వెళ్లే మెయిల్‌ని ఎవరైనా ఆపుతారా? మానేసినవాళ్ల ఫైళ్లు ఎన్నాళ్లుంటాయి? చిట్టా ఎన్ని రోజులుంటుంది? నా ఫోన్ పోతే ఆఫీసు సమాచారం ఏమవుతుంది? జవాబు తెలియకపోతే అడగాల్సినవాళ్లని అడగండి.

ఒక హెచ్చరిక కూడా. ఎంత పెద్ద ప్లాన్ కొన్నా, ఎవరైనా స్క్రీన్‌కి ఎదురుగా ఫోన్ పట్టుకుని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు.

మళ్లీ ఒక నెలాఖరు

ఆ షీటు వెళ్లిన పదో రోజున ఒకాయన మా ఆఫీసుకి వచ్చారు. ముప్ఫై ఏళ్లుంటాయి. బట్టల షాపు యూనిఫాంలోనే ఉన్నారు. రిసెప్షన్ దగ్గర నన్నే అడిగారు.

‘‘నా జీతం మా అత్తారింటికి చెప్పింది మీరేనా అండీ?’’

గొడవ పడలేదు. గట్టిగా కూడా అనలేదు. అందుకే ఇంకా కష్టమనిపించింది. క్షమాపణ చెప్పాను. ‘‘అబద్ధం చెప్పింది మా పెద్దవాళ్లు. తల దించుకుంటున్నది నేను’’ అని వెళ్లిపోయారు. ఆయన జీతం ఎంతన్నది ఆయన సంగతి. ఎవరికి ఎంత చెప్పుకోవాలన్నదీ ఆయన ఇష్టమే. అది నా చేతుల్లో పెట్టారు, నేను జారవిడిచాను. డేటా ప్రొటెక్షన్ అనే మాట విన్నప్పుడల్లా ఇప్పుడు నాకు 250 కోట్లు గుర్తురావు. ఆ యూనిఫాం గుర్తొస్తుంది.

పోయిన నెలాఖరున తొందరలో పాత అలవాటు కొద్దీ ఒక ఫైలు జత చేశాను. తెర మీద పసుపు రంగు పట్టీ వచ్చింది. ఇందులో వ్యక్తిగత వివరాలున్నాయి, బయటి వ్యక్తికి పంపబోతున్నారు అని. గుండె ఝల్లుమంది. ‘టు’లో పేరు చూశాను. మేనేజరు శ్రీనివాస్ గారే. ఈసారి సరైన శ్రీనివాసే.

అయినా సెండ్ నొక్కలేదు. ఫైలు తీసేసి, లింకు పంపాను.